ఎర్ర సిరా ప్రశ్నార్థకం

పెదనాన్న చదరంగం నోటుబుక్కు అట్ట మీద రైల్వే ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. గార్డుగా పనిచేసే రోజుల్లో ఆయనకి దొరికిన పాత రిజిస్టరు అది. పొడుగ్గా ఉంటుంది, నీలం గీతలు, వీపుకి గుడ్డ పట్టీ. రైళ్ల వేళలు రాయాల్సిన చోట ఆయన ఆటలు రాసుకున్నారు. 1968 నుంచి ఆడిన ప్రతి పోటీ ఆట అందులో ఉంది. ఇప్పుడు మనం రాసే పద్ధతిలో ఉండదు, పాత పద్ధతిలో ఉంటుంది: పీ-కే4, పీ-క్యూబీ4 అని. పీ-కే4 అంటే రాజు వరసలోని బంటు నాలుగో గడికి. అందులో తెల్లవాడు తన వైపు నుంచి గళ్లు లెక్కపెట్టుకుంటాడు, నల్లవాడు తన వైపు నుంచి లెక్కపెట్టుకుంటాడు. నాకు ఏడేళ్లప్పుడు ఆ భాష నేర్పింది ఆయనే. ఎక్కాలూ పీ-కే4 నాకు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ పక్కపక్క వీధుల్లో ఉండేవి. వేసవి సాయంత్రం డాబా మీద రెండు బిందెల నీళ్లు చల్లి, చాప పరిచి, బోర్డు పెట్టేవారు. చెక్క పావులు. ఒక తెల్ల బంటు ఎప్పుడో పోయింది. దాని బదులు పెద్దమ్మ కుట్టు మిషనుకి వాడే దారపు రీలు ఒకటి ఉండేది. చాలా రోజుల వరకు నేను ఆ రీలునే మిగతా బంట్ల కంటే గొప్పదనుకునేవాణ్ణి.

పావుల విలువ ఆయన రూపాయల్లో చెప్పారు. బంటు ఒక రూపాయి, గుర్రం మూడు, శకటు మూడు, ఏనుగు అయిదు, మంత్రి తొమ్మిది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే, వెంటనే ఇంకో మాట కూడా చెప్పారు.

"ఇది బజారు ధర రా. వేపపువ్వు మామూలు రోజుల్లో చెట్టు కింద రాలి తొక్కుడుపడుతుంది, ఎవడూ చూడడు. ఉగాది పొద్దున అదే పువ్వు బేరమాడి కొనుక్కుంటాం. పావులూ అంతే. ఎప్పుడు, ఎక్కడ అన్నది చూడు."

ఆ వయసులో నాకు మొదటి సగం మాత్రమే బుర్రకెక్కింది. లెక్క సులువు కదా.

అప్పట్లో ఆటలు వాయిదా పడేవి. అయిదు గంటలు ఆడినా తేలకపోతే, ఎత్తు వంతు ఉన్నవాడు తన తర్వాతి ఎత్తుని బోర్డు మీద వెయ్యకుండా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి ఇచ్చేవాడు. మర్నాడో, రెండు రోజులకో కవరు చింపి మళ్లీ మొదలుపెట్టేవారు. ఈ మధ్యలో ఉండే రాత్రి గురించి పెదనాన్న ఎన్నిసార్లు చెప్పినా నాకు వినాలనిపించేది. సికింద్రాబాద్‌లో రైల్వే డివిజన్ల పోటీలకి వెళ్లినప్పుడు, పడుకునే హాల్లో పరుపుల మీద బోర్డు పెట్టుకుని, జట్టులో నలుగురూ చుట్టూ కూర్చుని తెల్లవార్లూ చూసేవారట. "వాడు కవర్లో ఏం రాసుంటాడు?" అన్నది ఒక్కటే ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న మీద మూడు ఫ్లాస్కుల టీ ఖర్చయ్యేది. ఎదుటివాడి మనసులోకి దూరి కూర్చోవడం అంటే ఏమిటో ఆ రాత్రుల్లోనే నేర్చుకున్నానని అనేవారు.

ఆ రాత్రులు కంప్యూటర్ల వల్లే పోయాయి. వాయిదా వేస్తే ఆటగాడు హోటలు గదికి వెళ్లి యంత్రాన్ని అడిగేస్తాడు, ఇంకేం అర్థం ఉంది? 1990ల్లో వాయిదాలు ఒక్కొక్క పోటీ నుంచీ తొలగిపోయాయి. కంప్యూటరు చదరంగంలో ఏం మార్చింది అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ అంటించిన కవరే.

1994లో నేను ఏడో తరగతి. ఆ ఆగస్టులో లండన్‌లో జరిగిన రాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) పోటీలో చెస్ జీనియస్ అనే ప్రోగ్రాం కాస్పరోవ్‌ని ఓడించి బయటికి పంపింది. పెంటియం చిప్పు మీద నడిచే ప్రోగ్రాం, ప్రపంచ ఛాంపియన్‌ని! అయితే మా ఇంట్లో పండగ చేసుకున్నది దాని తర్వాతి వార్తకి. సెమీఫైనల్లో అదే ప్రోగ్రాంని మన విశ్వనాథన్ ఆనంద్ రెండు ఆటల్లోనూ ఓడించాడు. పెదనాన్న పేపరు కత్తిరించి నోటుబుక్కులో అంటించారు. మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించారు కాబట్టి ఆ పేజీని తర్వాత బొద్దింకలు కొంచెం కొరికేశాయి. ఆనంద్ ఫొటో మాత్రం మిగిలింది.

మరుసటి ఏడాది ఆనంద్ న్యూయార్క్‌లో, వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో, కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ కోసం ఆడి ఓడిపోయాడు. రెండేళ్లకి అదే ఊళ్లో కాస్పరోవ్ వంతు వచ్చింది.

1997 మే నెల. విజయవాడ ఎండ గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. డీప్ బ్లూతో కాస్పరోవ్ ఆరు ఆటల పోటీ. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మొదలైతే మనకి అర్ధరాత్రి దాటుతుంది, అందుకని ఎత్తులు మాకు ఎప్పుడూ ఆలస్యంగా దొరికేవి. పేపర్లో వచ్చిన ఆటని పెదనాన్న బోర్డు మీద వేసి చూపించేవారు. ఐబీఎం కట్టిన ఆ యంత్రం సెకనుకి 20 కోట్ల స్థానాలు చూస్తుందని రాశారు. చదరంగం కోసమే చేసిన 480 చిప్పులు, 1.4 టన్నుల బరువు. "మన గూడ్సు బండిలో ఎక్కించాల్సిందే," అన్నారు పెదనాన్న.

మే 11న జరిగిన ఆరో ఆట పందొమ్మిది ఎత్తుల్లో ముగిసింది. యంత్రం గుర్రాన్ని ఈ6 గడిలో (ఇప్పటి పద్ధతిలో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస) బలి ఇచ్చింది, కాస్పరోవ్ కుప్పకూలాడు, మూడున్నర - రెండున్నరతో పోటీ పోయింది. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడింది. పెదనాన్నని కుదిపేసింది మాత్రం రెండో ఆట. అందులో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయిన స్థితిలో నిజానికి డ్రా ఉందని తర్వాత తేలింది. రాజుకి వరసగా చెక్కులు చెప్పుకుంటూ పోతే చాలు. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడే మనిషి, అవతల యంత్రం ఉంది కాబట్టి అది పొరపాటు చేసి ఉండదులే అనుకుని, వెతకడం మానేశాడు.

"ఇంకో పావుగంట చూసుంటే దొరికేది," అని ఆ వారమంతా అన్నారు ఆయన. అన్నం తింటూ, చేయి కడుక్కుంటూ కూడా. "అది చూసేసిందనుకున్నాడు రా. అందుకే తను చూడలేదు."

నాకు పదిహేనేళ్లు. ఆ మాట విన్నాను, అంతే. మూడేళ్ల తర్వాత నేనూ అదే పని చేశాను.

2000లో ఇంజనీరింగ్‌లో చేరినందుకు నాన్న కంప్యూటరు కొనిపెట్టారు. పెంటియం త్రీ, 64 ఎంబీ ర్యామ్, మీద కప్పడానికి అమ్మ కుట్టిన పూల గుడ్డ. ఒక స్నేహితుడి దగ్గర నుంచి చదరంగం ఆడే ఫ్రిట్జ్ ప్రోగ్రాం సీడీ తెచ్చుకున్నాను. అప్పట్లో చదరంగం ఆడే కుర్రాళ్లకి ఫ్రిట్జ్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకి చెప్పడం కష్టం. గ్రాండ్‌మాస్టర్ని ఇంట్లో పెట్టుకున్నట్టు. అర్ధరాత్రి లేపినా విసుక్కోడు. ఏ ఆట ఇచ్చినా, ప్రతి ఎత్తు పక్కనా ఒక అంకె చూపిస్తాడు. తెల్లకి మెరుగైతే ప్లస్సు, నల్లకి మెరుగైతే మైనస్సు. ఒకటి అంటే ఇంచుమించు ఒక బంటంత తేడా.

నవంబరులో ఒక ఆదివారం పెదనాన్నని పిలిచాను. "మీ ఆటలు తీసుకురండి, దీనికి చూపిద్దాం" అని. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆ చొక్కా నాకు బాగా గుర్తుంది. పోటీలకి వెళ్లేటప్పుడు వేసుకునేది అది.

ఆయన ఏ ఆట తెరుస్తారో నాకు ముందే తెలుసు. 1978, సికింద్రాబాద్, నల్లపావులతో సిసీలియన్ అనే ఆరంభం. మా ఇంట్లో ఆ ఆట తెలియనివాళ్లు లేరు. పదిహేడో ఎత్తులో ఆయన సి గళ్ల వరసలో ఉన్న ఏనుగుతో వెళ్లి సి3లో ఉన్న తెల్ల గుర్రాన్ని కొట్టారు. ఏనుగుని బంటు కొట్టేస్తుంది, అంటే అయిదు రూపాయలిచ్చి మూడు రూపాయలు పుచ్చుకున్నట్టు. దానికి బదులు తెల్ల బంట్ల గోడ పగిలింది, మధ్యలో ఈ4 బంటు దిక్కులేనిదైంది, జీ7లో ఉన్న నల్ల శకటుకి బోర్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా దారి తెరుచుకుంది. నలభై ఎత్తుల లోపే గెలిచారు. ఆ సాయంత్రం జట్టు కెప్టెను తన వాచీ తీసి ఆయన చేతికి పెట్టాడట. మర్నాడు తిరిగి ఇచ్చేశారులెండి, వాచీ కెప్టెనుకే కావాలి కదా.

ఒక్కో ఎత్తూ కొట్టుకుంటూ పదిహేడో ఎత్తుకి వచ్చాం. ఫ్రిట్జ్ కాసేపు ఆలోచించింది. అంకె +1.12 అని చూపించింది. ఆయన వేసిన ఎత్తు అది సూచించిన మొదటి నాలుగింట్లో కూడా లేదు. ఎలా ఆడితే తెల్ల గెలుస్తుందో కూడా కింద వరసగా రాసింది.

"చూడండి పెదనాన్నా, ఇది తప్పు ఎత్తు," అన్నాను. గొంతులో ఉత్సాహం కూడా ఉంది. కొత్త యంత్రం ఎంత గొప్పదో చూపిస్తున్నాననే అనుకుంటున్నాను.

ఆయన తెర దగ్గరికి వంగి ఆ అంకె చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "సరే," అన్నారు. ఇంకో ఆట తెరవలేదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ తర్వాత నాతో ఆడారు, పోటీల కబుర్లు చెప్పారు, కానీ ఆ నోటుబుక్కు మాత్రం మా ఇంటికి మళ్లీ రాలేదు.

తర్వాతి సంవత్సరాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఉద్యోగం, హైదరాబాదు, పెళ్లి. యంత్రాలు ఏడాదికేడాది బలపడ్డాయి. 2006లో బాన్‌లో ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్‌తో ఆడుతూ ఒక్క ఎత్తులో ఆటకట్టు ఉందన్న సంగతి చూసుకోలేదు. ఆ పోటీ 4-2తో పోయాక మనుషులు యంత్రాలతో పోటీలాడటం దాదాపు మానేశారు. కొత్త చదరంగం ప్రోగ్రాంలు వచ్చాయి: రిబ్కా, స్టాక్‌ఫిష్. కానీ లోపల ఉన్న పద్ధతి మాత్రం అదే. మనిషి కూర్చుని బంటుకి ఇంత, శకటుల జతకి ఇంత, రాజు ముందు గోడ పగిలితే ఇంత తగ్గింపు అని ధరలు కట్టి ఇచ్చేవాడు. డీప్ బ్లూలో అలాంటి అంశాలు ఎనిమిది వేల దాకా ఉండేవి. యంత్రం ఆ ధరల పట్టీ పట్టుకుని లక్షల కొద్దీ దారుల్లో పరుగెత్తి, చివర ఎవరి చేతిలో ఎక్కువ రూపాయలు మిగిలాయో చూసేది. నా పెంటియం త్రీ ఆ రోజు ఇటు ఎత్తూ అటు ఎత్తూ కలిపి ఓ పన్నెండు ఎత్తులు చూసి ఉంటుంది. పెదనాన్న శకటు ప్రాణం పోసుకునేది ఆ తర్వాత. యంత్రానికి కనిపించింది బజారు ధర ఒక్కటే.

2017 డిసెంబరులో ఆఫీసు బస్సులో ఫోను చూస్తుంటే ఆల్ఫాజీరో వార్త కనిపించింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

దాన్ని చేసిన డీప్‌మైండ్ సంస్థ అధిపతి డెమిస్ హసాబిస్ చిన్నప్పుడు చదరంగంలో బాల మేధావి. వాళ్లు ఆ ప్రోగ్రాంకి ఆట నియమాలు మాత్రమే చెప్పారు. ధరలు చెప్పలేదు. మంత్రి బంటు కంటే గొప్పదని కూడా చెప్పలేదు. అది తనతో తానే ఆడుకుంది, మొదట్లో గుడ్డిగా. ఓడిన ప్రతిసారీ, గెలిచిన ప్రతిసారీ లోపలి, ఆటల నుంచి నేర్చుకునే లెక్కల వల లాంటి న్యూరల్ నెట్‌వర్క్ కొద్దికొద్దిగా సర్దుకుంది. అయిదు వేల ప్రత్యేక చిప్పులు ఒకేసారి ఆడితే 4.4 కోట్ల ఆటలయ్యాయి. నాలుగు గంటల్లో స్టాక్‌ఫిష్‌ని దాటేసింది. వంద ఆటల పోటీలో 28 గెలిచి, 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. ఆ పోటీ నిబంధనలు స్టాక్‌ఫిష్‌కి అనుకూలంగా లేవని, ఎత్తుకి నిమిషం చొప్పున కట్టేశారని కొందరు అభ్యంతరం చెప్పారు. అందులో న్యాయం ఉంది. మరుసటి ఏడాది వెయ్యి ఆటలు ఆడించినప్పుడు ఆల్ఫాజీరో 155 గెలిచి, ఆరు ఓడిపోయింది.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది మాత్రం ఆ అంకెలు కాదు. వాళ్లు విడుదల చేసిన పది ఆటలు. బోర్డు తీసి, మా ఆవిడ పడుకున్నాక వంటింట్లో లైటు వేసుకుని ఒక్కో ఎత్తూ వేసి చూశాను. అది బంట్లు ఇచ్చేస్తోంది. వెంటనే తిరిగి రాబట్టుకోదు, తొందరేమీ లేదు. ఎదుటి పావుల్ని ఒక మూలకి నెట్టి, ఊపిరాడకుండా చేసి, అప్పుడు తీరిగ్గా తలుపు మూస్తుంది. పైగా స్టాక్‌ఫిష్ సెకనుకి ఏడు కోట్ల స్థానాలు చూస్తుంటే ఇది చూసేది ఎనభై వేలు. తక్కువ చూస్తోంది, ఎక్కడ చూడాలో తెలుసుకుని చూస్తోంది. నేను ఎరిగిన ఏ కంప్యూటరూ అలా ఆడలేదు. ఆ ఆట తీరు నాకు తెలిసిన చోటల్లా ఒకటే, సత్యనారాయణపురం డాబా.

ఆల్ఫాజీరోని వాళ్లు బయటికి ఇవ్వలేదు. దాని పద్ధతిలోనే లీలా చెస్ జీరో అని స్వచ్ఛందంగా కొందరు 2018లో మొదలుపెట్టారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఇంట్లో కంప్యూటర్లని రాత్రిపూట దానికి అప్పగిస్తే, అది తనతో తాను ఆడుకుని నేర్చుకుంటుంది. నేనూ అప్పగించాను. కొన్ని నెలలు మా హాల్లో ఆ మూల ఫ్యాను చప్పుడు ఆగలేదు, కరెంటు బిల్లు చూసి ఇంట్లో రెండు మాటలు పడ్డాయి. మొదట్లో లీలా చిన్నపిల్లలా ఆడేది. ఊరికే మంత్రిని వదిలేసేది. తొలిసారి ఇంజిన్ల (చదరంగం ఆడే ప్రోగ్రాంల) పోటీలో దిగినప్పుడు అట్టడుగు విభాగంలో 28 ఆటలాడి ఒక్కటే గెలిచింది. మరుసటి ఏడాది అదే పోటీ ఫైనల్లో స్టాక్‌ఫిష్‌ని ఓడించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం సొంత పిల్ల పాసైనప్పటి సంతోషమే.

2020 సెప్టెంబరులో, ఇంట్లోంచే పనిచేస్తున్న రోజుల్లో, స్టాక్‌ఫిష్ 12 వచ్చింది. అందులో ఎన్ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పెట్టారు. జపాన్ వాళ్ల చదరంగం షోగీ కోసం యు నాసు అనే ఆయన కనిపెట్టిన ఉపాయం అది. ఒక ఎత్తులో కదిలేది ఒకటో రెండో పావులే కాబట్టి, మొత్తం లెక్క మళ్లీ చెయ్యకుండా మారినంత మేరకే సరిచేస్తుంది. అందుకే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు అక్కర్లేదు, మామూలు ఫోనులో కూడా నడుస్తుంది. తర్వాత కొన్నేళ్లకి మనుషులు కట్టిన ఆ పాత ధరల పట్టీని స్టాక్‌ఫిష్ నుంచి పూర్తిగా తీసేశారు. ఏళ్ల తరబడి ఎంతోమంది చేత్తో సరిచేస్తూ వచ్చిన అంకెలవి. ఆ వార్త చదివి నాకు కొంచెం దిగులు కూడా వేసింది. నా చిన్నప్పటి రూపాయలు అవి.

ఇవన్నీ పెదనాన్నకి ఫోనులో చెబుతూనే ఉన్నాను. వింటారు, ఊఁ కొడతారు. 1978 ఆట గురించి మాత్రం నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

2025 సంక్రాంతికి విజయవాడ వెళ్లాం. ఆ నెల రోజులూ చదరంగం వాళ్లకి అసలైన పండగ. డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు. అతని వెనక పనిచేసిన బృందంలో గుంటూరు హరికృష్ణ ఉన్నాడు. మా వరంగల్ అర్జున్ ఎరిగైసి అదే నెల అధికారిక జాబితాలో 2800 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) దాటి కనిపించాడు. నెలాఖరుకి న్యూయార్క్‌లో మన కోనేరు హంపి రెండోసారి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. గుడివాడలో పుట్టిన అమ్మాయి! పెదనాన్నకి ఎనభై రెండేళ్లు. కటింగులన్నీ వరసగా దాచి ఉంచారు, ఈసారి ఫెవికాల్‌తో అంటించి.

గుకేశ్‌ని 2500 రేటింగ్ దగ్గరికి వచ్చేదాకా ఇంజిన్ ముట్టుకోనివ్వకుండా కోచ్ విష్ణు ప్రసన్న తయారుచేశాడన్న సంగతి ఆయనకి బాగా నచ్చింది. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఈ మధ్యే నేర్చుకుంటోంది. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ముందు నువ్వు చూడు, తర్వాత ఫోను చూస్తుంది" అని మూడుసార్లు చెప్పారు. నాకు కూడా అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. ఫోను తెర మీద మంచి ఎత్తు చూపించే ఆకుపచ్చ బాణం కనిపించాక పిల్లల కళ్లు బోర్డు మీద నిలవడం లేదు. ఇది నేను రోజూ ఇంట్లో చూస్తున్నదే.

భోగి రోజు మధ్యాహ్నం కటింగులు చూడ్డానికి నోటుబుక్కు తెరిచింది మా అమ్మాయి. పేజీలు తిప్పుతూ, "పెదతాతయ్యా, ఇదేంటి, ఎర్రగా ఉంది?" అంది.

1978 ఆట పేజీ. పదిహేడో ఎత్తు, ఆర్ ఇంటూ ఎన్, అంటే ఏనుగు గుర్రాన్ని కొట్టింది. నీలం సిరా వెలిసి బూడిద రంగుకి వచ్చింది. దాని పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం. చదరంగం రాతలో ప్రశ్నార్థకం అంటే తప్పు ఎత్తు అని. దాని కింద చిన్న అక్షరాలతో తేదీ, నవంబరు 2000. కంప్యూటరు, +1.12. ప్రతి స్టేషనులో బండి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది అని ముప్ఫై ఏళ్లు రాసిన చెయ్యి. ఆలస్యమైతే ఆలస్యమైందనే రాసిన మనిషి. తన ఆటకి కూడా అలాగే రాసుకున్నారు. ఆ రోజు మా ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్లి, ఎర్ర పెన్ను వెతికి తీసుకుని, ఇది రాశారన్నమాట. ఇరవై నాలుగేళ్లుగా నాకు తెలియదు.

నా నోట మాట రాలేదు. కాసేపటికి, "మళ్లీ చూపిద్దామా పెదనాన్నా?" అన్నాను.

"చూపించు," అన్నారు, మామూలుగానే.

ఎత్తులు ఫోనులోకి ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. మా అమ్మాయికి పాత పద్ధతి రాదు. పీ-కే4 అంటే ఈ4 అని, అదే నల్లవాడు రాస్తే ఈ5 అవుతుందని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఒక చోట ఏ గుర్రం అన్నది రాతలో స్పష్టంగా లేదు. ఆయన కళ్లు మూసుకుని, "రాజు వైపుది. రెండోది అప్పటికి పోయింది," అన్నారు. నలభై ఏడేళ్ల కిందటి గుర్రం.

పదిహేడో ఎత్తుకి వచ్చాం. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది. స్టాక్‌ఫిష్ మొదట 0.40 అంది, 0.22 అంది, లోతు పెరిగేకొద్దీ దిగుతూ వచ్చి 0.00 దగ్గర ఆగింది. సమానం. అది మొదటి ఎత్తుగా సూచిస్తున్నది కూడా అదే: ఏనుగుతో సి3 గుర్రాన్ని కొట్టడం. చాలాసేపు వదిలేశాను, మారలేదు.

"పెదనాన్నా, అది తప్పు కాదు. నేనే ఆ రోజు..." అని ఆగిపోయాను.

ఆయన నా మాట వినిపించుకోలేదు, ఫోను దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. "సున్నా అంటే గెలుపు కాదుగా?" అన్నారు.

"కాదు. ఇద్దరూ సమానం."

"మరి వాడు సరిగ్గా ఆడుంటే నేను గెలిచేవాణ్ణి కాదు." తల ఊపారు. "పెన్ను ఇవ్వు."

మా అమ్మాయి తన పౌచ్‌లోంచి ఎర్ర జెల్ పెన్ను తీసి ఇచ్చింది. ఆయన పాత ప్రశ్నార్థకం కొట్టెయ్యలేదు. దాని ముందు, వణికే చేత్తో నెమ్మదిగా, ఒక ఆశ్చర్యార్థకం గీశారు. ఆ రెండూ కలిపి రాస్తే మా ఆటలో దానికి వేరే అర్థం ఉంది: ఆలోచించదగ్గ ఎత్తు. కింద తేదీ వేశారు, 13-1-2025. పక్కన 0.00. టైము అడిగి అది కూడా రాశారు, మూడూ ఇరవై.

తర్వాత ఫోను కిందికి జరిపి, "బంటుతో నా ఏనుగుని కొట్టాక నన్నేం ఆడమంటోంది?" అన్నారు. నేను చూశాను. ఆయన ఆ రోజు వెంటనే ఈ4 బంటు కొట్టారు. స్టాక్‌ఫిష్ ముందు మంత్రిని ఏ5కి పంపమంటోంది.

"క్యూ-ఆర్4," అన్నారు పెదనాన్న, తన భాషలో. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేనూ చూశా దాన్ని. అయిదు నిమిషాలు దాని మీదే కూర్చున్నా. టైము లేదని వదిలేశా." మా అమ్మాయి వైపు తిరిగారు. "ఆ ఫోను కట్టేసి బోర్డు తీసుకురా తల్లీ. బీరువా పైన ఉంది. దారపు రీలు కూడా ఉందేమో చూడు."